మైల పట్టిన ఊరు

మా నాయన తిరుచానూరులో ఆరు గదుల లాడ్జి నడిపేవాడు. యాత్రికులు మరచిపోయిన వస్తువుల కోసం మెట్ల కింద ఒక చెక్క బీరువా ఉండేది. అందులో గొడుగులు, కళ్లద్దాలు, ఒంటి చెప్పులు, ఒక పసిబిడ్డ వెండి మొలతాడు. ఏడాది దాకా ఎవరి వస్తువునూ ముట్టుకోకూడదని నాయన నియమం. ఏడాది దాటితే అవసరమైన వాళ్లకు ఇచ్చేసేవాడు. మొలతాడు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఆ బీరువాలోంచే మా చెల్లెలికి వీడియో ఆటపెట్టె దొరికింది. రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయి ఉంటుంది. మద్రాసు నుంచి వచ్చిన ఒక కుటుంబం మరిచిపోయి వెళ్లింది. ఏడాది చూశాం, ఎవరూ రాలేదు. తెల్లగా, పౌడరు డబ్బాలాగా మూత తీస్తే పైన ఒక తెర, కింద ఒక తెర, గీకడానికి చీపురుపుల్లంత పుల్ల. అప్పటికి చెల్లెలికి రెండు కిడ్నీలూ చెడిపోయి ఎనిమిది నెలలు. వారానికి రెండుసార్లు తిరుపతికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లం. రోజుకు రెండు గ్లాసుల నీళ్లు మించి తాగకూడదు. నోరెండితే తడిగుడ్డ పెదాల మీద అద్దుకునేది. ఇంటరు దాకా చదివిన పిల్ల, ఇరవై ఏళ్లు నిండలేదు, పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. అందుకే నాయన ఆ పెట్టె తీసి ఆమె పక్కన పెట్టాడు.

నేను బడికి పోలేదు. అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్లు, చెల్లెలు చంకలో బిడ్డ. వంటిల్లు నా మీద పడింది. సాయంత్రాలు నాయన లాడ్జి బల్ల దగ్గర కూర్చోబెట్టి తెలుగు చదవడం, రాయడం నేర్పాడు. అంతే నా చదువు. అదైనా చెప్పిన తండ్రి దొరికినందుకు రోజూ అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటాను. ఇంగ్లీషు మాత్రం రాదు. ఆ పెట్టెలో ఉన్నదంతా ఇంగ్లీషే.

మొదటిరోజు మూత తీసిన చెల్లెలు లేచి కూర్చుంది.

"అక్కా, ఎవురిదో ఊరు ఇది! గడ్డి మొలిచి పొయ్యుండాది, సూడు."

చూశాను. చిన్న చిన్న ఇళ్లు, ఒక ఏరు, విరిగిన వంతెన, దారి కనబడకుండా గడ్డి. ఆ మద్రాసు బిడ్డ ఎవరో కట్టుకుంటూ మధ్యలో వదిలేసిన ఊరది. అందులోని గడియారం మన గడియారమే. మనం మూసిపెట్టినా అక్కడ పొద్దు పొడుస్తుంది, పొద్దు గూకుతుంది, కలుపు పెరుగుతుంది. అదంతా చెరిపేసి కొత్త ఊరు మొదలుపెట్టుకోవచ్చట. చెల్లెలు ఒప్పుకోలేదు. "ఉండే ఊరిని ఎట్ల చెరిపేది? మన ఈదిని చెరిపినట్ల?" అంది. అదే ఊళ్లోకి కొత్తగా కాపురానికి వచ్చినట్టు తన పేరు రాసుకుంది. ఆ పేరులోని ఐదక్షరాలు నాకు నేర్పింది. ఇంగ్లీషులో నాకు చదవను వచ్చింది అదొక్కటే.

మా వీధి మాట ఆమె ఊరికే అనలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వీధిలో ఇళ్ల ముఖాలన్నీ కోసేశారు. మా అరుగు, ముందరి రెండు గదులు పోయాయి. అరుగు మీద కూర్చుని పూలు కట్టే అవ్వ కూడా పోయింది. అమ్మ లేని మాకు తలలు దువ్వి, మిగిలిన కనకాంబరాలు చెరి సగం తుంచి పెట్టిన మనిషి. నగరి దగ్గర కూతురింటికి పోయిందని, ఆడ మగ్గాల కాడ దారం చుడుతోందని ఎవరో చెప్పారు. మళ్లీ కనబడలేదు.

చెల్లెలు ఆ పెట్టెలో మా పాత వీధిని కట్టింది. గడ్డి పీకింది, వంతెన నిలబెట్టింది, దారికి రాళ్లు పరిచింది. బట్టలకీ గోడలకీ మనకు కావలసిన బొమ్మలు గళ్లలో రంగులు నింపి చేసుకోవచ్చు. అక్కడే నా పని వచ్చింది.

"నువ్వు ముగ్గేసేదానివి గదక్కా. నువ్వు చుక్కలు చెప్పు, నేను పెడతా."

ముగ్గు లెక్కే అది. ఇన్ని చుక్కలు, సందు చుక్క, ఇన్ని వరసలు. ఆ ఊళ్లో గుడి అనుకున్న ఒక గోడకు సున్నం పట్టె, ఎర్రమట్టి పట్టె నేను చెప్పాను, ఆమె నింపింది. ఆ గోడ ముందు ఒక రాతిపీట పెట్టి, దాని మీద అమ్మవారి ముఖం వరసకు ముప్పై రెండు చుక్కల లెక్కన ముప్పై రెండు వరసల్లో దించాం. మూడు రోజులు పట్టింది. ముక్కుపుడక ఒక్క చుక్క. మరుసటి రోజు నుంచి నేను స్నానం చేసి వచ్చాక చెల్లెలు పెట్టె నా చేతికిచ్చేది. ఆ ఊళ్లో ఒక పువ్వు కోసి ఆ పీట ముందు పెట్టేదాన్ని. ఆ తరువాతే మా ఇంటి దీపం.

ఆ ఊళ్లో పదిమంది మనుషులు. వాళ్ల మాటలు చెల్లెలు నాకు తెలుగు చేసి చెప్పేది.

"పోస్టుమాస్టరు ఏమంటాడంటే, 'ఏందప్పా, ఇంత పొద్దు పొయ్యి వస్తివి, దోసెలు తినేసి పడుకుంటివా' అంటాడు."

"దోసెలనే అన్నాడా?"

"గమ్మునుండక్కా. వాళ్ల దోసెలు వాళ్లకుంటాయి."

ఏటి పక్కన నీలం కొప్పుగుడ్డ కట్టుకున్న ఒక ముసలామె ఉండేది. పూలమొక్కలు అమ్మేది. ఆమెను చెల్లెలు పూలవ్వ అంది. ఆమె ఇంటి ముందు అరుగులాంటి తిన్నె కట్టింది. రోజూ ముందు ఆమెతో మాట్లాడాకే తక్కిన పనులు. మా ఇంట్లో నవ్వు వినబడిన నెలలు అవే. ఆ మద్రాసు బిడ్డ ఎవరో, పెట్టె మరిచిపోయి ఎంత ఏడ్చిందో. వాళ్ల కుటుంబం చల్లగా ఉండాలని ఇప్పటికీ మొక్కుకుంటాను.

ఎండాకాలం ముదిరాక చెల్లెలికి చలిజ్వరం పట్టుకుంది. మెడ దగ్గర డయాలసిస్ కోసం గొట్టం పెట్టిన చోట చీము చేరింది. తిరుపతి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఒక చేతికి సూది, ఇంకో చేయి వాచి వేళ్లు మడవడానికి రాలేదు. పుల్ల పట్టుకోలేనని పెట్టెను నాకే అప్పజెప్పింది.

"దినమ్మూ ఒకసారి తెరువక్కా. గడ్డి పీకు. పూలవ్వతో మాట్లాడు. నీకు అర్థం కాకపోయినా ఆ బొత్తాము నొక్కితే సాలు. పలకరించకపోతే మనుషులు ఊరిడిచి పోతారు. పోతే మళ్లీ రారు."

"నేను సూసుకుంటా లేమే. నువ్వు పండుకో."

"మాటియ్యి."

చేతిలో చెయ్యి వేశాను. వాపు మీద నా వేళ్ల గుర్తులు పడి, చాలాసేపు అలాగే ఉన్నాయి.

మూడోరోజు కార్వేటినగరం నుంచి కబురు వచ్చింది. మా పెదనాయన, నాయనకు సొంత అన్న, పోయాడు. ఏటా మామిడికాయలు గంపకెత్తి తెచ్చేవాడు. ఆ ఏడు చెల్లెలు తినకూడదని తెలిసి, ఒక్క కాయ తెచ్చి, "వాసన సూడమ్మా, వాసనకు డాక్టరేమంటాడు" అని ఆమె ముక్కు దగ్గర పెట్టి పోయాడు. ఆమెకు ఈ కబురు చెప్పొద్దని నాయన ఖండితంగా అన్నాడు. జ్వరంలో ఉన్న పిల్ల, తట్టుకోలేదు.

మాకు పదిరోజుల మైల. దేవుడి గది తలుపు మూశాను. దీపం లేదు. ఆటపెట్టె చేతిలోకి తీసుకున్నాక అమ్మవారి ముఖం గుర్తుకు వచ్చింది. మా చేతులతో చుక్క చుక్క పెట్టి, రోజూ పువ్వు పెట్టిన చోటది. మైలతో ఆ ఊళ్లోకి ఎలా పోవడం? పెట్టెను గూట్లో పెట్టేశాను.

నాయన చూశాడు. "ఆటపెట్టెకు మైలేందిమే? రేపు టీవీకి గూడా తలంటు పోస్తావా?"

"దాంట్లో అమ్మవారుండాది నాయనా."

"సరే తల్లీ, నీ ఇష్టం. ఆ పిల్లకు మాటిచ్చినావు గదా మరి?"

పదిరోజులే కదా, ఆ గడ్డి ఎంత పెరుగుతుంది, తరువాత పీకేస్తాను అనుకున్నాను. తప్పు అక్కడే చేశాను.

రోజూ అన్నం క్యారియరు తీసుకుని ఆసుపత్రికి పోయేదాన్ని. పోయీ పోకముందే అడిగేది.

"పూలవ్వ ఎట్లుండాది?"

"బాగుండాది."

"ఏమనింది?"

"నాకేం తెలుసు, ఇంగ్లీషుది. నవ్వింది."

"నవ్విందా? అయితే సాలు."

పెదనాయన సంగతి దాచాలి కనుక పెట్టె ఎందుకు తెరవలేదో చెప్పలేను. ఆ అబద్ధాన్ని పదిరోజులూ ఆడాను. అంతకు ముందు ఆమెతో అబద్ధం ఆడిన గుర్తు లేదు.

పదకొండో రోజు ఇల్లు కడిగి, తలస్నానం చేసి, పుణ్యజలం చల్లుకుని పెట్టె తెరిచాను. దారి మీద, వంతెన దగ్గర, గుడి గోడ వెంట గడ్డి. అమ్మవారి ముందు నేను ఆఖరున పెట్టిన పువ్వు లేదు. ఏటి పక్కకు పోయాను. తిన్నె ఉంది, వెనక ఇల్లు లేదు. ఖాళీ జాగా, నాలుగు గుంజలు, ఒక చీటీ అతికించిన పలక. ఆ ఊళ్లో చెల్లెలి ఇంటి ముందరి ఉత్తరాల పెట్టెలో ఒక ఉత్తరం ఉంది. తెరిచి చూశాను. చెల్లెలి పేరు ఒక్కటే చదవగలిగాను.

ఆ రోజు చెల్లెలికి కాస్త నయంగా ఉంది. సూది తీశారు. నేను గడపలో ఉండగానే, "పెట్టె తెచ్చినావా?" అంది. తేలేదని చెప్పలేక సంచిలోంచి తీసి ఇచ్చాను. మూత తెరిచి చాలాసేపు చూసింది. పుల్లతో అటూ ఇటూ తిరిగింది. ఏటి దగ్గర ఆగింది. తిడుతుందని కాచుకున్నాను. ఆమె తల ఎత్తి నా వైపు చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, మైల పట్టిందా మనకి?"

క్యారియరు కింద పెట్టాను.

"గుడి ఉండాదని తెరిసి ఉండవు నువ్వు. పదిదినాల గడ్డి ఇది, నాకు తెలుసు. ఎవురు పొయినారు? పెదనాయనేనా?"

తల ఊపాను. నాయన అంత జాగ్రత్తగా దాచిన చావును ఆ గడ్డి చెప్పేసింది. ఆమె ఏడవలేదు. "వాసన సూపిచ్చినాడు గదక్కా" అంది, అంతే. నేను క్షమించమని కాళ్లు పట్టుకోబోతే విసుక్కుంది. "ఏందిది, నా కంటే పెద్దదానివి." తరువాత ఉత్తరం తెరిచింది.

"ఏమని రాసింది మే?"

కాసేపు చూసి, "పొయ్యొస్తాను అని రాసింది," అంది.

మనవాళ్లెవరూ గడప దాటుతూ పోతాను అనరు, పోయొస్తాననే అంటారు. ఇంగ్లీషు వాళ్లకు అలాంటి మాట ఉందో లేదో నాకు తెలియదు. నేను ఎవరినీ అడగలేదు.

వాచిన వేళ్లతో ఆమె గడ్డి పీకడం మొదలుపెట్టింది. ఒక్కో దుబ్బుకు ఆగి ఊపిరి తీసుకునేది. నేను చేస్తానంటే ఇవ్వలేదు. సగం దారి శుభ్రమయ్యాక పెట్టె నా ఒళ్లో పెట్టి కళ్లు మూసుకుంది. "ఇంకొకటి. నేను పోతే మైలని దీన్ని మూసేయొద్దు. తక్కినోళ్లు గూడా పోతారు."

"అట్లాంటి మాటలొద్దు మే."

"మాటియ్యి."

ఈసారి చెయ్యి వేయడానికి భయపడ్డాను. ఆమే నా చెయ్యి తీసుకుని తన చేతి మీద పెట్టుకుంది.

జ్వరం తిరగబెట్టింది. ఆసుపత్రిలో చేరిన పందొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయింది. ఆఖరికి నోట్లో చెంచాతో నీళ్లు పోస్తే, ఎన్ని పోసినా వద్దనే వాళ్లు లేకపోయారు. అదొక్కటి మాత్రం కడుపారా ఇవ్వగలిగాను. దానికి కూడా దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటే, కానీ ఆ రోజు చేతులు కలవలేదు.

దేవుడి గది మళ్లీ మూశాం. రెండోరోజు, ఇంటి నిండా చుట్టాలు ఉండగా, గూట్లోంచి పెట్టె తీసుకుని మెట్ల కింద బీరువా పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్లు వచ్చేదాకా తప్పని మైల నియమాన్ని నా చేత్తో తెంచుకుంటున్నాను. నాయన చూశాడు. టీవీ తలంటు మాట అనలేదు. వచ్చేపోయే వాళ్లకు నేను కనబడకుండా మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని అడ్డం కూర్చున్నాడు.

మూత తెరవగానే పోస్టుమాస్టరు ఎదురొచ్చాడు. ఏదో అన్నాడు. ఆ మాటల మధ్యలో ఐదక్షరాలు ఉన్నాయి. మా చెల్లెలి పేరు. నన్నే ఆ పేరుతో పిలిచాడు. బొత్తాము నొక్కాను. మళ్లీ పిలిచాడు. తక్కిన ఎనిమిది మందినీ ఒక్కొక్కరినీ పలకరించాను. అందరూ అదే పేరు. దినమ్మూ, పదిరోజులూ.

గడ్డి పీకాను. గుడి వైపు మాత్రం పోలేదు, ఏటి గట్టున చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. అటువైపు మొలిచింది మొలిచినట్టే ఉండిపోయింది. పదకొండో రోజు స్నానం చేసి వచ్చి అది కూడా పీకాను. ఒక పువ్వు కోసి పీట ముందు పెట్టాను.