గేటు దగ్గర పంచే నొప్పి మాత్ర

మా మేస్త్రీ సూర్యారావు పరగడుపున నొప్పి మాత్రలు మింగించి మనుషుల్ని ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సుల ముందు నిలబెడుతున్నాడు. మాది ఫరీదాబాద్‌లో తెల్లారే షిఫ్టు, ఎవరమూ తిని రాము. ఆయన గేటు దగ్గరే ప్రసాదం పంచినట్టు తలా ఒకటి చేతిలో పెడతాడు. నడుం నొప్పి తెలియదు, పని ఆగదు.

ఈ రోజు నా గదిలో ఉండే దానియేలు ప్రెస్సు పక్కనే కూలబడ్డాడు. కొన్నాళ్లుగా తారులా నల్లటి విరేచనాలవుతున్నా సిగ్గుపడి నాకు కూడా చెప్పలేదు. ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తున్నారు. అక్కడ నర్సు మన మార్తక్క నన్నే తిట్టింది.

"పేగు లోపల ఉల్లిపొర లాంటి పొర ఉంటుందిరా. తిండిలో సత్తువని రానిచ్చి, క్రిముల్ని అవతలే ఆపేది అదే. ఖాళీ కడుపున రోజూ ఈ మాత్రలు పడితే పుండై రక్తం కారుతుంది. ఎవడిచ్చాడు?"

సాయంత్రం మేస్త్రీని అడిగాను.

"అరే భయ్యా, నేనూ మింగుతా. నాకేమైంది?"

"మీరు పరాఠాలు తిన్నాక మింగుతారు."

"అచ్ఛా, అయితే వాడికి నువ్వే పెట్టు పరాఠా."

సరుకు పోకుండా గేటుకి కాపలా ఉంది. మన పేగుకి దేవుడిచ్చిన కాపలాని మాత్రం మేస్త్రీయే చంపుతున్నాడు. ఇంకెవరికైనా ఇలా అవుతుంటే సిగ్గు మాని చెప్పండి.

మేస్త్రీగారూ, మీరూ ఈ మెస్సులోనే తింటారు కనక ఈ కాగితాన్ని తలుపుకే అంటిస్తున్నాను. మాత్రలు ఆపి, షిఫ్టుకి ముందు టీ, రొట్టెకి టైమిస్తారా, ఇవ్వరా? శనివారం రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ జవాబు చెప్పాలి.