అడిగి తెచ్చుకున్న కుర్చీ

మొన్న ఆదివారం మా మనవరాలు హన్మకొండలో మా ఇంటికి వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడి, ఉద్యోగానికి వెళ్ళే ముందు అలవాటు కోసం తనను ఇంటర్వ్యూ చేయమంది. ప్రశ్నలన్నీ తనే తన ఫోన్‌లో రాసుకుని నా చేతికిచ్చింది. కళ్ళజోడు సవరించుకుని, ముఖం వీలైనంత కఠినంగా పెట్టుకుని చదువుతూ పోయాను. వచ్చే అయిదేళ్ళకి మీరు ఏ స్థాయిలో ఉండాలనుకుంటున్నారు అన్న ప్రశ్న దగ్గర మాత్రం నాకు నవ్వాగలేదు. పిల్ల అలిగింది. "అట్ల నవ్వితే ఎట్ల అమ్మమ్మా? నువ్వైతే ఏం చెప్పేదానివి?" అంది. ఉద్యోగంలో చేరిన రోజున సాయంత్రం పాలకుర్తి వైపు బస్సు దొరుకుతుందా లేదా అన్నదొక్కటే నా చింత. అయిదేళ్ళ తర్వాతి సంగతి నా తరఫున మరొకరు ఆలోచించి పెట్టారు. ఆమెను మేమంతా ఆపా అనేవాళ్ళం, ఉర్దూలో అక్క అని.

డెబ్బైల మొదట్లో నేను వరంగల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేరాను. పదో తరగతి మార్కులు చూసి ఇచ్చిన ఉద్యోగం. ఇప్పటిలా జేబులోంచి తీసి మాట్లాడే రోజులు కావు. హైదరాబాదుకో మద్రాసుకో మాట్లాడాలంటే ముందు మాకు నంబరు చెప్పి, ఇంట్లో ఫోన్ పక్కన కాపలా కూర్చోవాలి. మేం వరసగా బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, తాళ్ళలాంటి వైర్లను ఈ రంధ్రంలోంచి తీసి ఆ రంధ్రంలో గుచ్చుతూ ఊళ్ళను కలిపేవాళ్ళం. ఆ గదికి ఒక వాసన ఉండేది. వేడెక్కిన వైర్లు, తలనూనె, మల్లెపూలు, మూతపెట్టిన టిఫిన్ డబ్బాల్లోంచి వచ్చే పచ్చిపులుసు, అన్నీ కలిసిన వాసన. కేసముద్రం పత్తి సేట్లు పత్తి కాలంలో మా ప్రాణాలు తీసేవాళ్ళు. ధర పెరిగిందో పడిందో వాళ్ళు నంబరు చెప్పే గొంతులోనే మాకు తెలిసిపోయేది.

నాకు వచ్చిన చిక్కల్లా నా గొంతే. పొలంలో ఈ గట్టు మీంచి ఆ గట్టుకు కేకేసి పెరిగినదాన్ని. మొదటివారం నేను హలో అన్నప్పుడల్లా అవతలి వాళ్ళు ఫోన్ చెవికి దూరంగా పెట్టుకునేవాళ్ళట. పక్క సీట్లో ఆపా. నాకంటే పదేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేది. రంజాన్ నెలలో నాలుక ఎండిపోతున్నా ఆమె గొంతు మాత్రం తడి ఆరేది కాదు. ఆమె ముందు నీళ్ళు తాగడానికి మేం మొహమాటపడితే కోప్పడేది. ఒకరోజు నా హెడ్‌సెట్ మెల్లగా సవరించి, "జర నిమ్మలంగ మాట్లాడు చెల్లె. నువ్వు తగ్గితె వాళ్ళూ తగ్గుతరు" అంది. అలాగే చేశాను. నిజంగానే తగ్గారు. ఒక్క కేసముద్రం సేట్లు తప్ప.

పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. మా ఆయనది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం, సెలవు దొరికిన రోజు ఇంటికి వచ్చేవారు. నా ఉద్యోగం గురించి మా అత్తమ్మను ఎవరైనా అడిగితే, "ఏమున్నది, దినమంత కూసోని అలో అలో అంటది" అని చెప్పేది. నాకూ అంతకుమించి ఏమీ కనిపించేది కాదు. ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం, కాల్స్ పల్చబడ్డ వేళ, ఆపా నన్ను వరండాలోకి పిలిచింది. పెద్ద ఊళ్ళల్లో ఆపరేటర్ అవసరం లేని ఎక్స్ఛేంజీలు వస్తున్నాయని మేమూ విన్నాం, విని మరిచిపోయాం. ఆమె మరిచిపోలేదు.

"ఈ బోర్డు ఎన్నాళ్ళుంటదో చెప్పలేం. నీకింక చానా సర్వీసున్నది. ఫోన్ల ఇన్‌స్పెక్టర్ పరీక్ష రాయి" అంది.

"అది మొగోళ్ళు రాసేది గద ఆపా. మరి నువ్వు రాయకపోతివి?" అన్నాను.

ఆమె రోడ్డు వైపు చెయ్యి చూపింది. "నాకు ఈ సీటే ఇష్టం. నడిచిపోయే దూరంల ఇల్లున్నది, ఇంట్ల మా అమ్మ ఉన్నది. నా గొంతు కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తనే ఉంటరు. నాకింతకంటె వద్దు. నీకు గావాలె. కొత్త మిషన్ ఏదొచ్చినా ముందుగాల నువ్వే పోయి ఎనకకెల్లి తొంగిచూస్తవ్. నేను చూస్తలేనా? గావాలన్నోళ్ళు అడగాలె, వద్దన్నోళ్ళు వద్దనాలె. రెంటికీ సిగ్గుపడేదేమున్నది?"

నాకు కావాలన్న సంగతి నాకంటే ముందు ఆమెకు తెలియడం వింతగా అనిపించింది. రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. ఆయన మంచివాడే, కానీ నా మాట విని పెన్ను మూత పెట్టేశాడు. "చూడమ్మా, లైన్ పోతే స్తంభాలెక్కాల్సి వస్తుంది. చీర కట్టుకుని ఎలా ఎక్కుతావు?" అన్నాడు.

"మా ఊర్ల చింతచెట్టెక్కి చిగురు తెంపినదాన్ని సార్. స్తంభానికి కొమ్మలు విరగవు గద" అన్నాను.

ఆయన నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నా దరఖాస్తు ముందుకు కదిలింది.

ఆ సంవత్సరం లెక్కల్లో తప్పాను. గదిలో అందరూ ఓదార్చారు, పోనీలే, పిల్లల తల్లివి, నీకెందుకీ తిప్పలు అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది. ఆపా మాత్రం ఒక్కటే అడిగింది. "మల్ల ఎప్పుడట పరీక్ష?" మర్నాటి నుంచి నా సాయంత్రం డ్యూటీలన్నీ ఆమె తీసుకుని, తన పొద్దుటి డ్యూటీలు నాకిచ్చింది. ఆ సాయంత్రాలు నేను కాజీపేటలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంట్లో, నాలో సగం వయసు పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చునేదాన్ని. వాళ్ళు నన్ను ఆంటీ అనాలో అక్క అనాలో తేల్చుకోలేక అసలేమీ అనేవాళ్ళు కాదు. రెండోసారి పాసయ్యాను. అప్పుడు అసలు సమస్య వచ్చింది, హైదరాబాదులో నెలల తరబడి ట్రైనింగు. మా ఆయన సరేనన్నారు గాని, పిల్లల్ని చూడాల్సింది అత్తమ్మ. ఆమె ముందు నిలబడి సంగతి చెప్పి, తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె బియ్యం చెరుగుతూ, "పాసైనంక పోకుంట ఉంటరా ఎవరన్న? పో. పిల్లలకు నేను లేనా" అంది. అలో అలో అంటుందని చెప్పుకున్న అదే నోటితో వాడకట్టంతా తిరిగి, మా కోడలు ఇంజనీరు చదువుకు పోతాంది అని చెప్పొచ్చింది. అది ఇంజనీరు చదువు కాదని నేనూ సరిదిద్దలేదు.

తిరిగి వచ్చాక నా అదృష్టం కొద్దీ వరంగల్‌లోనే వేశారు. మా పాత బోర్డు గది కూడా నా కిందికే వచ్చింది. మొదటిరోజు పొద్దున ఆ గదిలో అడుగుపెట్టగానే కుర్ర ఆపరేటర్లు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. ఆపా లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ మేడం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. దగ్గరికి వెళ్ళి, "మేడం అంటానవేంది ఆపా, కూసో" అన్నాను.

"ఇయ్యాల నేను చెల్లె అంటె, రేపు వీళ్ళు నీ మాట వినరు. బయట చెల్లెవే తియ్యి" అంది నాకొక్కదానికే వినిపించేలా.

సాయంత్రం గేటు దాటిన క్షణం నుంచి మళ్ళీ చెల్లెనే. ఆమె ఉద్యోగం చేసినన్నాళ్ళూ గేటుకు లోపల ఒక పిలుపు, బయట ఒక పిలుపు. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఎనభైలు ముగిసేలోగా ఆ బోర్డు మూతపడింది. సీనియారిటీలో ఆపా పేరే ముందుంది. ఖమ్మం వెళితే సూపర్‌వైజర్ అవుతావని చెప్పడం నా బాధ్యత, చెప్పాను. "వద్దు మేడం" అని నవ్వింది. కొంతకాలం క్రితమైతే బతిమాలేదాన్ని. ఆ రోజు మారు మాట్లాడకుండా, ఆమె కోరుకున్నట్టే ఎంక్వయిరీ సీటుకు సిఫారసు చేశాను. అడగడం ఆమె దగ్గర నేర్చుకున్నాను, అడిగిన వాళ్ళకు అడ్డుపడకపోవడం కూడా అక్కడే నేర్చుకున్నానేమో. రిటైరయ్యే రోజు వరకూ ఊళ్ళోవాళ్ళు నంబరు కోసం ఫోన్ చేసి, ఆమె గొంతు గుర్తుపట్టి, ముందు క్షేమ సమాచారాలు అడిగేవాళ్ళు.

ఇప్పటికీ నెలకోసారి మండీబజార్‌లో ఆమె ఇంటికి వెళతాను. చాయ్ వాళ్ళింటి కోడలు తెస్తుంది. ఆపాకు ఎడమ చెవి వినపడదు, నాకు కుడి చెవి. అందుకని చూసుకుని కూర్చుంటాం. నేను మెట్టు మెట్టు ఎక్కుతూ పోయాను, ఆమె ఉన్నచోటే హాయిగా ఉంది. ఇన్నేళ్ళకు కాలం మా ఇద్దరి హోదాలూ నిదానంగా తీసి పక్కన పెట్టేసి, అక్కాచెల్లెళ్ళను మాత్రం మిగిల్చింది.