మెసేజ్‌లు వరుస తప్పిన పొద్దు

తెలంగాణ రావడానికి ముందు ఏడాది, వానకాలంలో మా అక్క మొగుడి తల పగిలింది. ఎల్లారెడ్డిలో ఆయనది ఎరువుల దుకాణం. పగలగొట్టింది మహమ్మద్‌నగర్ నుంచి వచ్చే ఒక పెద్దమనిషి, ఏళ్లుగా ఖాతాదారు. ఆ దెబ్బ పడాల్సింది నా దోస్తు నెత్తిన అని ఇప్పటికీ అంటాను.

నేనూ ఆ దోస్తూ కామారెడ్డిలో ఒక గది కిరాయికి తీసుకుని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. యూరియా లారీ వస్తుందంటే రైతులు దుకాణం ముందు చెప్పులు వరుసగా పెట్టి కాపలా కాసేవారు. చెప్పు ఎక్కడుంటే మనిషి అక్కడ ఉన్నట్టే, జరిపినవాడికి తన్నులే. ఆ తిప్పలు తప్పించాలని బావకు ఒక ఉపాయం చెప్పాం. చెప్పుల వరుసలోనే ఫోన్ నంబర్లు తీసుకుని అందరినీ ఇండ్లకు పంపు, లారీ రాగానే అదే వరుసలో మెసేజ్‌లు పోతాయి అని.

మెసేజ్‌లను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కటే పంపే సాఫ్ట్‌వేర్ మొదట మా గదిలోని కంప్యూటర్‌లోనే ఉండేది. వరుస తప్పేది కాదు. కరెంటు పోతే మాత్రం చచ్చేది, కరెంటు పోని పూట లేదు. ఆ పని క్లౌడ్‌కు ఇద్దామన్నాడు దోస్తు. ఎక్కడో పెద్ద కంపెనీ మెషీన్లు, వాళ్లే చూసుకుంటారు, ఆగవు.

"వరుస ఖాయం కాదని వాళ్లే రాసిండ్రు, సదివినవా?" అన్నాను.

"రెండు మెసేజ్‌లు అటిటు అయితే కొంపలేం మునుగయ్‌రా."

బ్యాటరీలు కొందామంటే నవ్వాడు. ఆగిన మెసేజ్‌లతో విసిగిన బావ కూడా వాడి మాటే విన్నాడు.

కొంపలు మునిగాయి. లారీ వచ్చిన పొద్దున వెనక చెప్పులవాళ్ల ఫోన్లు ముందు మోగాయి. అందరికంటే ముందు చెప్పులు పెట్టిన ఆ పెద్దమనిషి మెసేజ్ చూసుకుని ఆటోలో వచ్చేసరికి బస్తాలు అయిపోయాయి. యూరియా అందక ఆయన మక్క చేను ఆకు పండుబారుతోంది.

"నా చెప్పులు ముందుగాల ఉండె సేటు. ఎవనికి అమ్ముకున్నవ్?"

"నేను పంపలే బాపూ, మెషీన్ పంపింది," అంటుండగానే బస్తాలు దొరకని రైతులు బావ కాలరు పట్టుకున్నారు. పిడిగుద్దులు గుద్దారు, కింద పడేసి తన్నారు. పెద్దమనిషి కాటా పక్కనున్న ఇనుప తూకం రాయి ఎత్తి బావ చెవి మీద కొట్టాడు.

నేను బస్సెక్కి ఎల్లారెడ్డి చేరేసరికి షట్టరు వంగిపోయి ఉంది, గడప మీది నెత్తురుకు ఈగలు ముసిరాయి. కొట్టడానికి వాళ్లకు క్లౌడ్ దొరకదు, గదిలో కూర్చున్న నా దోస్తు దొరకడు. బావ దొరికాడు. తిరిగి వచ్చి దోస్తును గోడకేసి కొట్టాను. పెదవి చిట్లింది. వాడు తిరిగి కొట్టకపోవడం నన్ను ఇంకా మండించింది.

పోలీసు కేసు వద్దన్నాడు బావ. నేను బ్యాటరీలు కొని మెసేజ్‌ల పని మళ్లీ మా గదికే తెచ్చాను. నా మాటే నెగ్గింది. ఇక వరుస తప్పదని చెప్పడానికి సంబరంగా ఎల్లారెడ్డి పోయాను. బావకు ఎడమ చెవి వినిపించడం లేదు. కుడివైపు కూర్చుని చెబుతుంటే ఆ పెద్దమనిషే గడప దగ్గరికి వచ్చాడు.

"తప్పయింది సేటు," అని చేతులు జోడించాడు.

ఎవరొచ్చినా కుర్చీ జరిపి కూర్చోబెట్టే మనిషి మా బావ. గల్లా కిందికి చెయ్యి పెట్టి ఇనుప రాడ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆడనే నిలవడి మాట్లాడు."

పెద్దమనిషి గడప బయటే నిలబడ్డాడు. బ్యాటరీల సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.