నలభై అయిదు పళ్ల స్ప్రాకెట్

మా వీధి మెకానిక్కు బండి సంగతి తర్వాత, వెనక ఎవరు కూర్చుంటారని ముందు అడుగుతాడు. చైను పట్టే వెనక చక్రం స్ప్రాకెట్‌కి పళ్లు పెరిగితే లాగుడు, తగ్గితే వేగం.

"స్పీడు కావాలి అన్నా, చిన్నది వెయ్యి. నేనొక్కణ్ణే తిరుగుతా" అన్నాను.

అతను వంగి వెనక ఫుట్‌రెస్టు చూశాడు. ఎడమవైపు రబ్బరే అరిగి ఉంది.

"ఒకపక్కకి కూర్చునే మనిషి. బరువే. అత్తగారా?"

అతను నలభై అయిదు పళ్లది బిగించాడు. ఇప్పుడు బండి ఎంత ఎత్తయినా ఎక్కుతుంది గానీ, అరవై మాత్రం చస్తే దాటదు.

అయినా ఆ ఫుట్‌రెస్టు విద్యను ఇంట్లో తెగ పొగిడాను.

"ఫుట్‌రెస్టూ లేదు, పాడూ లేదు బాబూ. పొద్దున్నే నేను వెళ్లి పెద్దదే వెయ్యమని చెప్పొచ్చాను" అన్నారు అత్తగారు.