వీర్రాజు గారి ఆఖరి డ్యూటీ

చావు కబురు చెప్పి ఊరందరినీ నవ్వించిన ఘనత మా కొత్తపేటలో నా ఒక్కదానికే దక్కింది. పగవాళ్ళకి కూడా వద్దు అలాంటి ఘనత. మీరూ నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నవ్వుతూ నవ్వుతూ చివర్లో మీకేమైనా అయితే మాత్రం నా పూచీ లేదు.

మాది మైకుల షాపు. పెళ్ళిళ్ళకి సౌండు బాక్సులు అద్దెకివ్వడం, ఆటోకి మైకు కట్టి ఊరంతా ప్రచారం చేయించడం మా పని. బట్టల షాపు ఆషాఢం తగ్గింపులు, కరెంటు కోతలు, పంచాయతీ వాళ్ళ హెచ్చరికలు, ఎవరైనా పోతే ఆ కబురు, అన్నీ మా ఆటోలోంచే ఊరికి తెలియాలి. ఆ ఆటోలో గొంతు వీర్రాజు గారిది. మా నాన్న హయాం నుంచీ ఆయనదే. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని.

ఆ గొంతంటే ఆయనకి మహా గర్వం. రోహిణీ కార్తెలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునేవారు. ఐస్‌క్రీం బండి ఎదురైతే పాముని చూసినట్టు పక్కకి తప్పుకునేవారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. రేపు కరెంటు ఉండదని చెప్పి ఊరుకోవచ్చా? అబ్బే. "మేడ మీద సుబ్బలక్ష్మి గారూ, ట్యాంకు ఇవాళే నింపేసుకోండి. రేపు నన్ను తిడితే లాభం లేదండి, ఆయ్!" అనేవారు. కరెంటు పోతుందన్న బాధ కంటే ఆయన నోట తమ పేరు రాలేదన్న బాధే జనానికి ఎక్కువగా ఉండేది.

ఇంత చక్కగా నడుస్తున్న బండిలో నేను వేలు పెట్టాను. కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయించాను. మనిషి గొంతు దానికి కాసేపు వినిపిస్తే చాలు, ఆ తర్వాత మనం ఏది టైపు చేస్తే అది అదే గొంతుతో చదివేస్తుంది. రికార్డింగుకి వీర్రాజు గారిని కూర్చోబెట్టాను.

"అంటే నేను ఇంటి దగ్గర పడుకున్నా నా గొంతు డ్యూటీకి వెళ్ళిపోతుందాండి?"

"ఆయ్, బాబాయ్ గారూ. ఎండలో తిరగక్కర్లేదు. మీ జీతం మీకు వచ్చేస్తుంది."

"మరి నేనేం చేస్తానండి?"

"హాయిగా విశ్రాంతి తీసుకోండి."

ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. "ప్రతీ కబురు చివరా 'ఇట్లు మీ వీర్రాజు, ఆయ్' అని రావాలండి. లేకపోతే ఎవడిదో గొంతనుకుంటారు."

దానికేం భాగ్యం అనుకుని, ఏ ప్రకటన టైపు చేసినా చివర ఆ మాట దానంతటదే వచ్చేలా అమర్చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

విశ్రాంతి ఆయనకి పడలేదు. రోజూ పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని షాపుకొచ్చి బెంచీ మీద కూర్చునేవారు. ఆటో అటుగా వెళ్తుంటే చెవి ఒగ్గి వినేవారు.

"వాడు ఊపిరి తీసుకోడేంటండి?"

"ఎవరండీ?"

"ఆ వీర్రాజండి. సుబ్బలక్ష్మి గారి మేడ దాటిపోయేడు, పలకరించనైనా లేదు. మర్యాద తెలీదండి వాడికి."

నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఒకరోజు ఆయన నవ్వకుండా అడిగారు. "అమ్మాయిగారూ, ఒక్కరోజు వాడికి సెలవిచ్చి నన్ను పంపండి."

"వచ్చే వారం చూద్దాం బాబాయ్ గారూ" అన్నాను. ఎప్పుడడిగినా అదే మాట అన్నాను. ఆ వచ్చే వారం రాలేదు. ఆయన నిద్రలోనే పోయారు.

మా ఆటో డ్రైవరు నాగరాజు పొద్దున్నే వచ్చి ఆ సంగతి చెప్పాడు. ఏడుస్తూనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఊళ్ళో ఎవరు పోయినా మా షాపులో ముందు చేసే పని అదే కదా. వీర్రాజు గారు స్వర్గస్థులయ్యారు, అంతిమయాత్ర మధ్యాహ్నం అని టైపు చేసి, పెన్‌డ్రైవ్ నాగరాజు చేతిలో పెట్టి, వాళ్ళింటికి పరిగెత్తాను. అది ఎలా వచ్చిందో ఒకసారి వినే ఓపిక కూడా లేకపోయింది. మధ్యాహ్నం కావస్తున్నా ఆ ఇంటికి ఇరుగుపొరుగు తప్ప ఎవరూ రాలేదు. ఊరంతా తెలిసిన మనిషికి ఇదేం సాగనంపడం అనుకుంటూ వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. అప్పుడు టీ కొట్టాయన ఫోన్ చేశాడు.

"అమ్మాయిగారూ, వీర్రాజు గారు పోయేరని వీర్రాజు గారే చెప్తున్నారండి. ఎవర్ని నమ్మమంటారు?"

"నిజంగానే పోయారండీ!"

"ఊరుకోండి. 'ఇట్లు మీ వీర్రాజు, ఆయ్' అని కూడా అన్నారు. ఇక్కడందరూ ఒకటే నవ్వు. ఈ వయసులో ఇదేం వేళాకోళమండి?"

నా మురిపెం అంతా ఆ క్షణాన దిగిపోయింది. అంతలో ఆటో ఆ వీధిలోకే వచ్చింది. ఆయన గొంతు వాకిట్లోంచి లోపలికి వచ్చింది. శవం దగ్గర కూర్చున్న ఆయన భార్య వరలక్ష్మి పిన్నిగారు చటుక్కున లేచి గుమ్మం వైపు చూశారు. ముఖం ఒక్కసారి వెలిగింది. ఆ తర్వాత నేల మీద పడుకోబెట్టిన మనిషిని చూశారు.

"చచ్చిపోయినా డ్యూటీ వేసేరా అమ్మా ఈయనకి?" అన్నారు మెల్లిగా. "బతికుండగా పంపమని అన్నిసార్లు అడిగేరు, పంపలేదు."

నేను బయటికి పరిగెత్తి ఆటోకి అడ్డం పడ్డాను.

"ఆఖరిసారి ఆయన గొంతే వినిపిద్దామని మీరే అనుకున్నారేమోనండి" అన్నాడు నాగరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

కంప్యూటర్ గొంతు ఆపేసి నేనే మైకు పట్టుకున్నాను. జన్మలో మైకులో మాట్లాడి ఎరగను. నా గొంతు తుప్పు పట్టిన గేటులా వచ్చింది. సుబ్బలక్ష్మి గారి మేడ దగ్గర ఆటో ఆపించాను. "సుబ్బలక్ష్మి గారూ, వీర్రాజు గారు నిజంగానే..." అంటూ ఏడ్చేశాను. ఏడుపంతా మైకులోనే వినబడింది. ఆవిడ మెట్లు దిగి వచ్చారు.

"నువ్వేడిస్తే నమ్మేనమ్మా" అన్నారు, ఆటో వెనకే నడుస్తూ. అలా వీధి వీధీ తిరిగి, పేరు పేరునా పిలిచాను. పిలిచిన ప్రతిచోటా చివర్న, విని విని ఉన్న అలవాటుకొద్దీ "ఇట్లు మీ" అని ఆగిపోయాను. అంతిమయాత్రకి వచ్చిన జనానికి రోడ్డు చాలలేదు.

ఇప్పుడు మా ఆటోలో గొంతు నాది. బాగుండదు, కానీ మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. కాబట్టి చదువరులారా, పిన్నిగారిచ్చిన ఆయన మఫ్లరు మెడకి చుట్టుకుని, ఐస్‌క్రీం విసర్జించి, మైకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పోయినవాళ్ళకి డ్యూటీ వెయ్యను. ఉన్నవాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టను. ఆయ్.