తేదీకి బదులు నీళ్ళ తొట్టి

ఏడో తరగతి సైన్సు పరీక్ష రాకముందే బడి మానేసిన వాణ్ణి కాబట్టి, సైన్సులో నేను తప్పానని ఇప్పటికీ ఎవరూ అనలేరు. అలాంటి నా చేత ఒక ప్రభుత్వ ఉత్తర్వు విషయంలో సైన్సు తరఫున మాట్లాడించిన ఘనత మా మామిడి తోటది.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో మాకు నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. పై సగం రాళ్ళు కలిసిన ఎర్ర నేల, కింది సగం నల్ల నేల. పై తోటలో కాయ ముందే ముదురుతుంది. ఏటా వేసవిలో ఏదో ఒకరోజు గాలివాన వచ్చి తీరుతుంది. అది రాకముందే పై కాయ కోసుకున్నామా, ఏడాదంతా ఇంట్లో నవ్వులుంటాయి. లేదా, కాయంతా నేల మీద ఉంటుంది.

ఆ మధ్య కొందరు లేత కాయలు కోసి, మందు పెట్టి పసుపు రంగు తెప్పించి ఊళ్ళకి పంపారు. తిన్నవాళ్ళు మా ప్రాంతం పేరు పెట్టి మరీ తిట్టారు. దాంతో అధికారులు ఫలానా తేదీకి ముందు ఎవరూ కాయ కోయకూడదని ఉత్తర్వు రాసుకుని, రైతుల అభిప్రాయం అడగడానికి మండల ఆఫీసులో మీటింగ్ పెట్టారు. ఆ తేదీ మా పై తోటకి పది రోజులు ఆలస్యం. అన్నాళ్ళు ఆగడమంటే గాలివానకి శుభలేఖ అచ్చు వేయించినట్టే.

మీటింగ్‌లో అందరూ టీ తాగి తలలూపుతున్నారు. నేను లేచాను.

"అయ్యా, ఈ తేదీ సంగతి మా చెట్లకి ఎవరు చెబుతారండీ? కాగితం చూపించినా వాటికి చదువు రాదు. అన్నీ యజమాని పోలికే."

అందరూ నవ్వారు, ముందు కూర్చున్న పెద్ద అధికారి తప్ప. "మరి ముదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రతి కాయా మేం కోసి చూడాలా? తేదీ అయితే అందరికీ ఒకటే రూలు."

"మా అమ్మ బకెట్లో నీళ్ళు పోసి అందులో వేసేదండీ. మునిగినవి గడ్డిలో మాగేసేది. తేలినవి పప్పులోకి."

నవ్వులు ఇంకాస్త పెరిగాయి. ఆ ఊపులో మా తోటంతా ముందే ముదురుతుందని కూడా ఓ కోత కోశాను. పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం నవ్వకుండా నోటు పుస్తకం తెరిచింది. మామిడి మీద చదువుకున్న శాస్త్రవేత్త అట.

"ఆయన చెప్పింది నిజమే సార్. ముదిరేకొద్దీ లోపల కండ చిక్కబడి కాయ మునుగుతుంది. కాకపోతే ఇక్కడి నేలల్లో ఎంతవరకు నమ్మొచ్చో కొలిచి చూడాలి. రెండు వారాలు ఇవ్వండి."

అధికారి క్యాలెండర్ చూసి పది రోజులు ఇచ్చారు.

మూడు రోజులకోసారి ఆ అమ్మాయి స్కూటర్ మీద తూకం పెట్టుకుని మాతో పాటు ఇంకో ఐదారు తోటలు తిరిగేది. కాయని నీళ్ళలో వేసి చూసి, కోసి, తూచి, ముక్కలు ఎండబెట్టడానికి పట్టుకెళ్ళేది. మొదటిసారి వచ్చే రోజు నేను తెల్లారే లేచి, పై తోటలో ఎండ బాగా తగిలే కొమ్మల నుంచి తొడిమ పక్కన భుజాలు పొంగిన ముదురు కాయలు ఏరి, తుడిచి, బుట్టలో పేర్చాను. ఇరవైకి ఇరవై మునిగాయి. మీసం దువ్వుకున్నాను. రెండోసారి కింది తోటవి కూడా అలాగే పేర్చాను. అవీ ఇరవైకి ఇరవై మునిగాయి. ఆ అమ్మాయి బుట్ట వంక, చెట్ల వంక, చివరికి నా వంక చూసింది.

"బాబాయిగారూ, ఇవి ఎవరు కోశారు?"

"నేనేనండీ. మేలైనవి ఏరి మరీ తెచ్చాను."

"ఏరారా?"

"ఇంత దూరం వచ్చిన మనిషికి వంకర కాయలు పెడతామాండీ?"

ఆ అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుని మా అరుగు మీద కూలబడింది. "రెండుసార్లు చేసిన పనీ పోయిందండీ. నాకు తెలియాల్సింది తోటలో కాయ ఎలా ఉందో. మీ మర్యాద ఎలా ఉందో కాదు."

మా ఆవిడ మజ్జిగ అందిస్తూ, "ఈయనంతేనమ్మా. పెళ్ళిచూపుల రోజు కూడా ఇలాగే, మంచి గుణాలు పైన పేర్చి చూపించారు," అంది.

ఇక మిగిలింది ఒక్కసారి. మిగతా రైతులకి నా అంత మర్యాద లేదు కాబట్టి వాళ్ళ లెక్కలన్నీ పనికొచ్చాయి. మా తోటలో ఆ అమ్మాయి చీటీలు వేసి చెట్లు ఎంచింది. నాకు నిచ్చెన పట్టుకునే ఉద్యోగం ఇచ్చింది. నీడ కాయా, ఎదగని గిటక కాయా, ఉడత కొరికిన కాయా, ఏది చేతికొస్తే అది. పై తోటవి ఇరవైలో పద్దెనిమిది మునిగాయి. కింది తోటవి సగానికి పైగా తేలాయి. వాటితో పాటు మీటింగ్‌లో నేను కోసిన కోత కూడా.

"ఇలాగే రాస్తారాండీ?"

"ఇలాగే రాస్తాను. పై తోట కోసుకోవచ్చు. కింది తోట ఆగాలి."

"ఈలోగా గాలివాన వస్తే?"

"వస్తే నష్టమే, కాదనను. కానీ తేలిన కాయని మునిగిందని రాస్తే, రేపు నిజంగా మునిగిన కాయని కూడా ఆఫీసులో నమ్మరు."

నిచ్చెన మోసుకొచ్చి అరుగు పక్కన పెట్టాను. మా ఆవిడ ఆ అమ్మాయికి ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చింది.

మూడో రోజుకే ఉత్తర్వు వచ్చింది. తేదీ కొట్టేశారు. మార్కెట్ యార్డు గేటు దగ్గర నీళ్ళ తొట్టి పెడతారు. బండిలోంచి చూడకుండా పది కాయలు తీసి వేస్తారు. రెండు మించి తేలితే బండి వెనక్కి. ఈ ఏడు ఇలా చేసి చూసి, తప్పులుంటే వచ్చే ఏడు మారుస్తామని కూడా రాశారు. ప్రభుత్వ కాగితం తనలో తప్పులుండొచ్చని తనే చెప్పడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

మర్నాడే పై తోట కోసి ట్రాక్టర్ మీద యార్డుకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఆ పెద్ద అధికారే చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డారు. తొమ్మిది కాయలు బుడుంగుమని అడుక్కి పోయాయి. పదోది పైకీ రాక, కిందికీ పోక తొట్టి మధ్యలో ఆగింది.

"ఎటూ తేల్చడం లేదు, మీటింగ్‌కి వచ్చినట్టుంది సార్," అన్నాను.

ఈసారి ఆయన నవ్వారు. స్లిప్పు మీద సంతకం పెట్టి బండి లోపలికి పోనిమ్మన్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్ వైపు ఆకాశం నల్లబడి, గాలి లేచింది. మా ఆవిడా నేనూ అరుగు మీద కూర్చుని చూశాం. కింది తోటలో కొంత కాయ రాలింది, అది ఊరగాయలకి పోతుంది. మిగతావి ఇంకా పచ్చివే కాబట్టి కొమ్మని గట్టిగా పట్టుకుని ఊగాయి. పై తోటలో రాలడానికి ఆకులు తప్ప ఏమీ లేవు.

"ఏవండీ, ఇప్పుడు మీ సైన్సు ఏమంటోంది?"

"టీ పెట్టమంటోంది."

"ఇంట్లో పాలు లేవు. తెమ్మని కూడా అనే ఉంటుంది, మీరు సగమే విని ఉంటారు."

వాన తెరిపిచ్చాక క్యాన్ పట్టుకుని పాలకి బయల్దేరాను.