అడ్డా మీద తాతలుండరు

కామారెడ్డిలో కూలీల అడ్డా ఎదురుగా మాది చాయ్ హోటల్. ఈ అడ్డా మీద ముసలివాళ్లే ఉండరు. నమ్మకపోతే వచ్చి చూడండి, అన్నీ నల్లతలలే. జుట్టురంగు ప్యాకెట్లు అమ్మే పక్క కొట్టువాడు నాకంటే బాగుపడ్డాడు.

లక్ష్మీరాజం ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సుకు వస్తాడు. సెంట్రింగ్ పనిలో చేయి తిరిగినవాడు. తలకూ మీసానికీ రంగు, ఒంటి మీద కొడుకు పాత టీషర్టు. వయసెంతంటే నలభై ఎనిమిది. ఎప్పటి నుంచో నలభై ఎనిమిదే.

"మన మేస్త్రి పేరు మార్కండేయ. ఆయన ముంగట మనం గూడ పదహారేండ్ల పోరగాండ్లమే కావాలె" అని అందర్నీ నవ్విస్తాడు.

ఈ మేస్త్రి చెడ్డవాడేం కాదు. ఒకసారి అతని పనిలో ఒక ముసలి కూలీ స్లాబు మీంచి పడ్డాడు. అప్పటి నుంచి వయసు మళ్లినవాళ్లంటే అతనికి దడ.

కొన్నాళ్లుగా లక్ష్మీరాజానికి పని లేదు. ఒక పొద్దున, ఇంటి పట్టున ఉండరాదా అని నేనంటే, "కూసోని తింటె గుట్టలైన కరుగుతయి. నాకు గుట్ట గూడ లేదాయె. ఇయ్యాల దొరకకపోతే బస్సు కిరాయి గూడ దండుగ, ఇగ రాను" అన్నాడు.

అంతలో మార్కండేయ వచ్చి అతని భుజం తట్టాడు. "రాజన్నా, స్లాబుంది. ట్రాలీ ఎక్కు." లక్ష్మీరాజం చాయ్ సగంలోనే వదిలి లేచాడు.

అప్పుడే వచ్చింది వినీత. పెద్దవయసు కూలీల్లో పని లేనివాళ్లెందరో ఊరూరా లెక్క తీస్తున్న పిల్ల. అడ్డా మీద ఎవరినడిగినా నలభై, నలభై ఐదు అనడంతో, "కామారెడ్డిల పెద్దోళ్లందరికి పని ఉన్నట్టేనా అన్నా?" అని ముందురోజు నన్నే అడిగింది. అమాయకురాలు.

లక్ష్మీరాజాన్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది. పోయిన వారమే ఎల్లారెడ్డిలో వాళ్లింటికి వెళ్లి, అతని భార్య భూదవ్వతో మాట్లాడి, గోడ మీద అతని ఫొటో చూసి వచ్చిందట.

"తాతా! మొన్న మీ ఇంటికచ్చిన. నీకు అరవై మూడేండ్లని అవ్వ చెప్పింది గద!"

చాయ్ పొంగి పొయ్యిలో పడుతున్నా నాకు తెలియలేదు. తిట్టు కాదు, శాపం కాదు. తాతా! ఇంత మర్యాదగా కూడా మనిషి నోటి ముందు కూడు తీసేయొచ్చని నాకు ఆ క్షణం వరకూ తెలియదు.

మార్కండేయ వెనక్కి తిరిగాడు. "అరవై మూడా? ఏమనుకోకు అన్నా. నువ్వు పడితే నా బతుకు బజార్ల పడతది." పక్కవాణ్ణి ఎక్కించుకుని ట్రాలీ పోనిచ్చాడు. మిగిలినవాళ్లు, తమను కూడా ఎక్కడ తాతా అంటుందోనని ఆ పిల్లకు దూరంగా జరిగారు.

వినీత ట్రాలీ వెనకే రెండడుగులు వేసి ఆగింది. "నా వల్లనే పని పోయిందా తాతా?" అంది. ఆ మాటే మళ్లీ వచ్చినందుకు చటుక్కున నోరు మూసుకుంది.

నాకు ఒళ్లు మండి కసరబోయాను. లక్ష్మీరాజం చెయ్యెత్తి నన్ను ఆపాడు. వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"రాసుకో బిడ్డా, అరవై మూడే. పనే పోయినంక ఇగ అబద్ధమెందుకు?"